గింజలు పోసిన పెరట్లో డేగ

పెరట్లోకి డేగ వచ్చిందని ముందు చెప్పేది కన్ను కాదు, చెవి. డిసెంబరు ఉదయం, న్యూజెర్సీలో ఒక శివారు ఇల్లు. వెనక కొక్కేనికి వేలాడదీసిన గింజల డబ్బా చుట్టూ పిచ్చుకలూ గువ్వలూ ఎర్ర కార్డినళ్లూ పోట్లాడుకుంటూ ఉంటాయి. ఆ గోల ఉన్నట్టుండి ఆగిపోతుంది. పిట్టలు పొదల్లోకి దూరతాయి, గువ్వలు రెక్కలు టపటపలాడిస్తూ పైకప్పు దాటిపోతాయి. డబ్బాను పట్టుకుని తింటున్న చిన్న డౌనీ వడ్రంగిపిట్టకు పారిపోయే వ్యవధి దొరక్కపోతే ఉన్నచోటే బిగుసుకుపోతుంది. నిమిషాల తరబడి తల కూడా తిప్పదు. అప్పుడు ఓపిగ్గా వెతికితే పక్కింటి మేపుల్ చెట్టులో, చివరి కొమ్మల మీద కాదు, మానుకు దగ్గరగా ఒక ఆకారం దొరుకుతుంది. నీలం కలిసిన బూడిద రంగు వీపు, రొమ్ము మీద అడ్డంగా ఇటుకరంగు చారలు, నిప్పుకణికల్లాంటి కళ్లు.

అది కూపర్స్ హాక్. ఇంచుమించు కాకి అంత ఉంటుంది. అమెరికా శివారు ఇళ్ల పెరళ్లలో వేటాడుతూ కనిపించే డేగల్లో ముందు చెప్పుకోవాల్సింది దీన్నే. ఏడాది నిండని పిల్ల డేగ అయితే గోధుమ రంగులో, రొమ్ము మీద నిలువు చారలతో, పసుపు కళ్లతో ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ ఆ పసుపు నారింజకు, నారింజ ఎరుపుకు తిరుగుతుంది. కంటి రంగును బట్టే వచ్చింది కొత్త వేటగాడా, ఆరితేరినదా అని ఒక అంచనాకు రావచ్చు.

అక్కడి తెలుగు ఇళ్లలో దీన్ని చూసి ‘గద్ద వచ్చింది’ అనడం మామూలే. కానీ మన భాషలో ఈ పక్షులకు వేరువేరు పేర్లు ఊరికే రాలేదు. పైన చక్కర్లు కొడుతూ చచ్చినదో బతికినదో కనబడితే దిగి తన్నుకుపోయేది గద్ద. చెట్ల చాటున పొంచి ఉండి మీద పడేది డేగ. ఎత్తు నుంచి బాణంలా దిగేది సాళువ. ఈ మూడు మాటల్లోనే మూడు వేట పద్ధతులున్నాయి. పెరట్లో జరిగేది రెండోది, మాటు వేట. (కోడిపందేల వాళ్లకు డేగ అంటే ఎర్ర ఈకల పుంజు. అది వేరే సంగతి.)

డేగ అనగానే వేగం గుర్తొస్తుంది. ‘డేగ కళ్లతో నిఘా’ అని పేపర్లు రాసీ రాసీ చూపు కూడా గుర్తొస్తుంది. రెండూ నిజమే. ఒక్కో కంట్లో తీక్షణంగా చూసే బిందువులు మనకు ఒకటే ఉంటే దానికి రెండుంటాయి. అయినా కొన్ని వారాలు ఒకే కిటికీ నుంచి గమనించిన వాళ్లకు మరొకటి అర్థమవుతుంది. పెరట్లో దాన్ని గెలిపించేది వేగమూ చూపూ మాత్రమే కాదు. ఆ ఇంటి కంచె ఎక్కడ ఉంది, పొద ఎక్కడ మొదలవుతుంది, కారు ఎక్కడ ఆగుతుంది, గింజలు ఎక్కడ రాలుతాయి అన్న వివరాలు దానికి తెలిసి ఉండాలి. మనం మన సౌకర్యం కోసం కట్టుకున్న ఇల్లూ వాకిలీ దానికి వేట మైదానం.

దాని ఒంటి తీరు కూడా ఇందుకు తగ్గట్టే ఉంటుంది. రెక్కలు పొట్టిగా, గుండ్రంగా ఉంటాయి. తోక పొడవు. పొడవాటి రెక్కలు ఆకాశంలో గంటలకొద్దీ తేలడానికి పనికొస్తాయి కానీ కొమ్మల మధ్య అడ్డం పడతాయి. పొట్టి రెక్కలతో నిలబడ్డ చోటి నుంచే ఊపందుకోవచ్చు, పొడుగు తోకను చుక్కానిలా తిప్పి రెండు కొమ్మల సందులోంచి దూసుకుపోవచ్చు. అడవి కోసం తయారైన ఈ శరీరం శివారు కాలనీకి చక్కగా సరిపోయింది. చెట్టు, పొద, గ్యారేజ్, చెక్క కంచె, ఆగి ఉన్న వ్యాన్, ఏదైనా సరే డేగకు చాటు కావడమే ముఖ్యం.

వేట చాలావరకు ఇలా సాగుతుంది. డేగ కొమ్మ మీద చాలాసేపు కదలకుండా కూర్చుంటుంది. దిగేటప్పుడు డబ్బా వైపు సూటిగా రాదు. కొమ్మ మీంచి కిందికి జారి, కంచెకు అవతలి పక్కన నేలకు మూరెడు ఎత్తులో, రెక్కలు పెద్దగా కొట్టకుండా వస్తుంది. కంచె ఇవతల తింటున్న గువ్వకు అది కనిపించదు. ఆఖరి క్షణంలో కంచె మీంచి ఒక్కసారిగా ఎగిరి మీద పడుతుంది. పిట్ట పొదలోకి దూరిందంటే డేగ కూడా నేల మీద దిగి, కాళ్లతో పరుగెత్తి, పొదలోకి చొరబడి వెతుకుతుంది. ఆకాశవీరుడిలా ఊహించుకున్న పక్షి కోడిలా పొద చుట్టూ తిరగడం చూస్తే మొదట్లో ఆశ్చర్యం వేస్తుంది.

మనుషుల అలవాట్లను డేగ ఎంత లోతుగా చదువుతుందో చెప్పే ఉదాహరణ ఒకటి 2025లో వెలుగులోకి వచ్చింది. జంతు ప్రవర్తనను అధ్యయనం చేసే వ్లాదిమిర్ డినెట్స్ దాన్ని ‘ఫ్రాంటియర్స్ ఇన్ ఎథాలజీ’ పత్రికలో ప్రచురించారు. చోటు న్యూజెర్సీలోని వెస్ట్ ఆరెంజ్. కూతుర్ని బడికి దింపే దారిలో ఒక కూడలి దగ్గర ఆయన ఒక పిల్ల కూపర్స్ హాక్‌ను చూశారు. అక్కడ ఒక ఇంటివాళ్లు సాయంత్రాలు ఇంటి ముందు కూర్చుని భోజనం చేసేవారు. రాలిన రొట్టె ముక్కల కోసం మర్నాడు పొద్దున పిచ్చుకలూ గువ్వలూ స్టార్లింగులూ మూగేవి. రోడ్డు అవతల, కొంచెం దూరంలో ఒక గుబురు చెట్టు. చెట్టుకూ పిట్టలకూ మధ్య ఖాళీ రోడ్డు. అడ్డం లేకుండా దాటితే పిట్టలు ముందే చూసేస్తాయి.

డేగకు దొరికిన చాటు కార్ల వరుస. మామూలుగా ఎర్ర లైటు 30 సెకన్లు ఉండేది. ఎవరైనా రోడ్డు దాటడానికి బటన్ నొక్కితే 90 సెకన్లు ఉండేది. అప్పుడు చూపులేని వాళ్లకు తెలిసేలా ఒక శబ్దం కూడా మొదలయ్యేది. 90 సెకన్లలో ఆగిన కార్ల వరుస పెరిగి పెరిగి ఆ గుబురు చెట్టు దాకా వచ్చేది. శబ్దం మొదలవగానే డేగ ఎక్కడి నుంచో వచ్చి ఆ చెట్టులో కూర్చునేది. వరుస చెట్టు దాకా వచ్చేవరకు ఆగేది. ఆపైన కార్ల పక్కనే, కాలిబాట మీద చాలా కిందుగా ఎగురుతూ వచ్చి, సరిగ్గా ఆ ఇంటి ఎదురుగా చటుక్కున మలుపు తీసుకుని, రెండు కార్ల మధ్య నుంచి రోడ్డు దాటి పిట్టల మీద పడేది.

ఇక్కడ ఆగి ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. శబ్దం మొదలైనప్పుడు కార్ల వరుస ఇంకా లేదు. అంటే డేగ కళ్లముందున్నదాన్ని చూసి కదల్లేదు, కొద్దిసేపట్లో ఏర్పడబోయేదాన్ని లెక్కపెట్టుకుని కదిలింది. పైగా తాను కూర్చున్న చోటి నుంచి పిట్టలు దానికి కనిపించవు. ఆ వీధి మొత్తం, ఏ ఇంటి ఎదురుగా మలుపు తీసుకోవాలో సహా, దాని మనసులో ఉండాలి. అది వలస వచ్చిన పిల్ల డేగ అయి ఉంటుందనీ, నగరానికి వచ్చి కొన్ని వారాలకే ఇదంతా నేర్చుకుందనీ డినెట్స్ అభిప్రాయం. మరుసటి ఏడాది చలికాలం అదే కూడలిలో అదే పద్ధతిలో పెద్ద డేగ ఒకటి వేటాడింది. బహుశా అదే పక్షి, ఏడాది పెరిగి.

ఇంత తెలివి ఉన్నా డేగ దాడుల్లో ఎక్కువ భాగం వృథాయే. కిటికీ దగ్గర కూర్చుని చూసేవాళ్లు ఒట్టి కాళ్లతో వెనుదిరిగిన డేగనే ఎక్కువసార్లు చూస్తారు. ఆ వైఫల్యానికి ఖరీదు కూడా ఉంది. కొమ్మల మధ్య అంత వేగంతో వెళ్లేటప్పుడు చిన్న పొరపాటు చాలు. 300కు పైగా కూపర్స్ హాక్ అస్థిపంజరాలను పరిశీలిస్తే, వాటిలో 23 శాతం పక్షుల రొమ్ము ఎముకల్లో పాత విరుగుళ్లు మానిన గుర్తులు కనిపించాయి. దాదాపు ప్రతి నాలుగింటిలో ఒకటి ఎప్పుడో చెట్టుకో కొమ్మకో గుద్దుకుని, ఎముక విరిగి, ఆ నొప్పితోనే ఆకలి తీర్చుకుంటూ బతికి బయటపడిందన్నమాట. బయటపడనివాటి లెక్క ఇందులో లేదు. పెరటి వేటలో బాధ పిట్టదే అనుకునేవాళ్లు ఈ అంకెను ఒకసారి గుర్తు చేసుకోవాలి.

వేట ఫలిస్తే జరిగేది చూడటం కష్టం. దాచిపెట్టి లాభం లేదు. సాళువలు పట్టిన పిట్టను మెడ దగ్గర కొరికి త్వరగా చంపేస్తాయి. డేగ చంపేది కాళ్లతో. గోళ్లు గుచ్చి, వదులు చేసి, మళ్లీ బిగిస్తుంది. రెక్కలు గొడుగులా పరిచి పిట్టను కప్పేసి అలాగే నిలబడుతుంది. కొన్నిసార్లు నిమిషాలు పడుతుంది. ప్రాణం పూర్తిగా పోకముందే ఈకలు పీకడం మొదలుపెట్టడమూ ఉంటుంది. పిట్టను నీళ్లలో ముంచి పట్టుకున్న సందర్భాలు కూడా నమోదయ్యాయి. ఇందులో క్రూరత్వం వెతకడం సరికాదు. దాని ముక్కుకు సాళువ ముక్కుకు ఉండే పంటి లాంటి నొక్కు లేదు, ఉన్న ఆయుధం కాలు. కానీ ప్రకృతి అందంగా ఉంటుందని చెప్పి పిల్లల్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టేవాళ్లు, ఇది కూడా అదే ప్రకృతి అని ముందే చెప్పి కూర్చోబెట్టడం మంచిది.

తర్వాత మిగిలేది గడ్డి మీద గుండ్రంగా పడిన ఈకలు. వాటిని తీసి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఈక కాడ చివరి దాకా నిండుగా ఉంటే అది పీకిన ఈక, డేగ పని. కాడ నమిలినట్టో తెగినట్టో ఉంటే పిల్లి లాంటి జంతువు పని. పెరట్లో ఎవరు వేటాడుతున్నారో తెలియాలంటే ఇంతకన్నా సులువైన ఆనవాలు లేదు.

పిట్టలు చేతులు కట్టుకుని కూర్చోవు. మన పల్లెల్లో గద్ద నీడ వాకిట్లో పడగానే తల్లికోడి ఒక కూత కూస్తుంది, పిల్లలన్నీ రెక్కల కిందికి చేరిపోతాయి. అమెరికా పెరట్లో ఆ పని చేసేది చికడీ. పది పన్నెండు గ్రాములు తూగే ఈ పిట్టకు రెండు రకాల హెచ్చరికలున్నాయి. ఎగిరి వస్తున్న డేగను చూస్తే ‘సీఈట్’ అని సన్నగా, చాలా హెచ్చు స్థాయిలో కూస్తుంది. ఆ స్వరం ఎటు నుంచి వచ్చిందో పట్టుకోవడం డేగకు కష్టం. కూర్చుని ఉన్న వేటపక్షిని చూస్తే మాత్రం బాహాటంగా ‘చికడీ-డీ-డీ’ అని అరిచి గుంపును పోగుచేస్తుంది. చివర్లో ‘డీ’ ఎన్నిసార్లు వస్తే శత్రువు అంత ప్రమాదకరం. 2005లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన ఈ లెక్కను బయటపెట్టింది. పెద్ద గుడ్లగూబ కన్నా చురుగ్గా తిరిగే చిన్న గుడ్లగూబకే చికడీలు ఎక్కువ ‘డీ’లు వాడాయి. పెద్దది చికడీని పట్టలేదు, చిన్నది పట్టగలదు. మిగతా పిట్టలూ ఉడుతలూ ఈ హెచ్చరికల్ని అర్థం చేసుకుని జాగ్రత్తపడతాయి. పెరట్లో నిశ్శబ్దం పడటానికి ముందు ఇంత సంభాషణ జరుగుతుంది.

డేగ ఉండటం అన్ని పిట్టలకూ చేటు కాదన్నది మరింత ఆసక్తికరం. అరిజోనాలోని చిరికావా కొండల్లో హమ్మింగ్‌బర్డ్‌లు ఏరికోరి కూపర్స్ హాక్, గాస్‌హాక్ గూళ్ల చుట్టుపక్కల గూళ్లు కట్టుకుంటాయి. వాటి గుడ్లు తినే జే పిట్టలు డేగ భయంతో అక్కడ కిందికి దిగవు. డేగకేమో హమ్మింగ్‌బర్డ్ పంటి కిందికి కూడా రాదు. 2015లో వచ్చిన ఈ పరిశోధన ప్రకారం అలాంటి గూళ్లలో పిల్లలు బతికి బయటపడే అవకాశం బాగా పెరుగుతుంది. డేగ చంపిన పిట్టల్ని ఎవరైనా లెక్కపెట్టగలరు. డేగ కూర్చోవడం వల్ల బతికిన గుడ్లు మాత్రం లెక్కకు రావు.

ఈ పక్షి మొదటి నుంచీ ఊళ్లలో లేదు. వందేళ్ల కింద దాని పేరు ‘చికెన్ హాక్’. కోళ్లను ఎత్తుకుపోతుందని కనిపించిన చోట కాల్చేవారు. పెన్సిల్వేనియా రాష్ట్రం 1885లో చట్టం చేసి మరీ చంపిన ఒక్కో డేగకూ గుడ్లగూబకూ 50 సెంట్లు బహుమతి ఇచ్చింది. అదే రాష్ట్రంలో ఒక కొండ మీదుగా వలసపోయే డేగలను సరదాకు కాల్చి గుట్టలు పోసేవారు. 1934లో రోజలీ ఎడ్జ్ అనే ఆమె ఆ కొండను లీజుకు తీసుకుని కాపలా పెట్టింది. అదే నేటి హాక్ మౌంటెన్ అభయారణ్యం. తుపాకీ తగ్గేసరికి డీడీటీ వచ్చింది. పురుగు నుంచి పిట్టకు, పిట్ట నుంచి డేగకు చేరిన మందు గుడ్డు పెంకును పలచబరిచింది, తల్లి పొదిగితే చాలు చిట్లిపోయేది. 1972లో అమెరికా డీడీటీని నిషేధించింది. వలస పక్షుల చట్టం కిందికి డేగలు వచ్చిందీ అదే ఏడాది. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా 1972దే కావడం కాకతాళీయం. కానీ గుర్తుంచుకోదగిన కాకతాళీయం.

కాల్చేవాళ్లు పోయారు, విషం తగ్గింది. ఊళ్లలో చెట్లు పెరిగాయి, కోట్ల ఇళ్లలో గింజల డబ్బాలు వేలాడాయి. వాటి దగ్గరికి వచ్చే పిట్టల్లో కూడా కొన్ని మనిషి తెచ్చిపెట్టినవే. ఊరపిచ్చుకను 1850ల్లో బ్రూక్లిన్‌లో వదిలారు, మన ఇళ్ల చూరుల్లో ఉండేదీ అదే పిచ్చుక. మన గోరింకల చుట్టమైన స్టార్లింగును 1890లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో వదిలారు. డేగ విస్తట్లో ఈ రెండూ ఉన్నాయి. షికాగో చుట్టుపక్కల ఏం జరిగిందో 2018లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. దానికి ఆధారం ‘ప్రాజెక్ట్ ఫీడర్‌వాచ్’ కోసం ఇళ్లలో కూర్చుని చలికాలమంతా పిట్టల్ని లెక్కపెట్టిన మామూలు మనుషులు రాసిన లెక్కలు. కూపర్స్ హాక్, దాని చిన్న చుట్టం షార్ప్-షిన్డ్ హాక్ కనిపించిన పెరళ్లు 1990ల్లో 26 శాతం. రెండు దశాబ్దాల తర్వాత 67 శాతం. డేగలు ఒక చోట నిలదొక్కుకోవడాన్ని తేల్చింది చెట్ల సంఖ్య కాదు, తినడానికి దొరికే పిట్టల సంఖ్య. అడవి పక్షి అనుకున్నది అడవి లేకుండానే బతకడం నేర్చుకుంది.

అందుకే ‘డేగ మన పెరట్లోకి చొరబడింది’ అనడం సరైన మాట కాదు. డేగకు కావలసిన పెరడును మనమే అమర్చిపెట్టాం, అది వచ్చి కూర్చుంది.

అమరిక దొరికినంత మాత్రాన ఊరి బతుకు సుఖంగా ఉంటుందని కాదు. అరిజోనాలోని టక్సన్ నగరంలో రాబర్ట్ మానన్, క్లింట్ బోల్ 1990ల్లో చేసిన పరిశోధనలో గూటిలోని పిల్లలు సగానికి పైగా చనిపోయాయి. ప్రధాన కారణం ట్రైకోమోనియాసిస్ అనే గొంతు జబ్బు. అది గువ్వల ద్వారా వస్తుంది. నగరంలో తేలిగ్గా దొరికే తిండి గువ్వే మరి. పెద్ద డేగల ప్రాణం తీసేవాటిలో కిటికీ అద్దాలూ వాహనాలూ ముందుంటాయి. ఎలుకల మందు సంగతి ఇంకా భయపెడుతుంది. మసాచుసెట్స్‌లో 43 రెడ్-టెయిల్డ్ హాక్‌లను పరీక్షిస్తే 43 ఒంట్లోనూ ఎలుకల మందు దొరికిందని 2020లో తేలింది. అవి ఎలుకల్ని తినే పెద్ద డేగలు. గ్యారేజ్ మూల పెట్టిన మందు గ్యారేజ్‌లోనే ఆగదని చెప్పడానికి ఈ ఒక్క ఫలితం చాలు.

ఇక గింజలు పోసే ఇంటివాళ్ల మనసులోని టెన్షన్. ‘మనం పిలిచి తిండి పెట్టిన పిట్టను కళ్లముందే చంపింది, తప్పు మనదేనా?’ ఈ బాధను కొట్టిపారేయడం న్యాయం కాదు. గోదావరి జిల్లాల్లో చూరుకు వరి కంకుల కుచ్చు కట్టి పిచ్చుకల కోసం ఎదురుచూసిన వాళ్లకు ఆ బంధం ఏమిటో తెలుసు. కానీ బాధపడే చూపు సరైన చోట పడాలి. అమెరికాలో పిల్లులు ఏటా 130 నుంచి 400 కోట్ల పక్షుల్ని చంపుతున్నాయని 2013 నాటి అంచనా. కిటికీ అద్దాలకు గుద్దుకుని చచ్చేవి 36 కోట్ల నుంచి దాదాపు 99 కోట్లు. 1970 నుంచి అమెరికా, కెనడాల్లో తగ్గిపోయిన పక్షులు సుమారు 290 కోట్లని 2019లో లెక్కతేలింది. ఈ నష్టానికి డేగను బాధ్యురాలిని చేయడం కుదరదు. దాని ఆకలికి ఒక హద్దుంది, పైగా దాడుల్లో ఎక్కువ వృథా. ఇంటి పిల్లికి ఇంట్లో తిండి ఉన్నా వేటాడుతుంది. అద్దానికి ఆకలే లేదు.

డేగ రోజూ వచ్చి కూర్చుంటుంటే చేయగలిగింది చిన్నదే. డబ్బాను ఒకటి రెండు వారాలు తీసేస్తే పిట్టలు చెదురుతాయి, డేగ వేరే చోటు చూసుకుంటుంది. పిట్టలకు దూరేందుకు గుబురు పొద దగ్గర్లో ఉండాలి, కానీ పిల్లి దాక్కునేంత దగ్గరగా కాదు. డబ్బాను కిటికీకి బాగా దగ్గరగా, మూడడుగుల లోపు పెడితే భయపడి ఎగిరిన పిట్ట అద్దానికి గట్టిగా గుద్దుకోదు. రెండు వారాలకోసారి డబ్బా కడగాలి, లేకపోతే అక్కడే జబ్బులు పాకుతాయి. ఇక, ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మలు భయపడేట్టు ఇది పసిపిల్లల్ని ఎత్తుకుపోదు. ఆడ డేగ బరువు అర కిలో అటూ ఇటూ, మగది 300 గ్రాములు. ఆడదే పెద్దది. ఎంత పెద్దదంటే మగది గూటి దగ్గరికి వచ్చేటప్పుడు ఆమె పిలుపు విని, ధైర్యం చిక్కించుకుని మరీ వస్తుంది. కుక్కపిల్లను మోసే శక్తి కూడా ఈ జంటకు లేదు. డేగను రాళ్లు వేసి కొట్టడం, గుడ్లో పిల్లలో ఉన్న గూడు పడగొట్టడం మాత్రం చట్టప్రకారం నేరం.

మన ఊళ్లలో ఈ పాత్ర జాలె డేగది. ఇంగ్లిషులో షిక్రా అంటారు. కూపర్స్ హాక్ కన్నా చిన్నది, పావురాన్ని పట్టే పని దీనికి కష్టం. తొండలు, బల్లులు, చిన్న ఎలుకలు, పిచ్చుకల్లాంటి పిట్టలు దీని తిండి. పద్ధతి మాత్రం ఒకటే: ఆకుల చాటున కూర్చోవడం, కిందుగా జారి రావడం. హైదరాబాద్ కాలనీల్లో వేప, కానుగ చెట్లు మిగిలిన వీధుల్లో ఉడుతలు ఒక్కసారిగా ‘కిచకిచ’మని ఆపకుండా అరుస్తుంటే తలెత్తి చూడటం మంచిది. దీని కూతను అనుకరించి మిగతా పిట్టల్ని భయపెట్టే ఏట్రింతలనే నల్ల పిట్టలున్నాయి. అచ్చం దీని వేషం వేసుకుని తిరిగే హాక్-కుకూ అనే కోకిల జాతి పిట్ట ఉంది. ఒక వేటపక్షి పేరు చెప్పుకుని ఇన్ని జీవాలు బతుకుతున్నాయి. చెట్లు కొట్టేసి, నేలంతా టైల్స్ పరిచిన అపార్ట్‌మెంట్ ఆవరణలో మాత్రం పావురాలు మిగులుతాయి, జాలె డేగ మిగలదు. తొండకు చోటు లేని చోట దానికీ చోటు లేదు.

వెస్ట్ ఆరెంజ్ కూడలిలో కూడా రెండో చలికాలం తర్వాతి వేసవిలో ఇలాంటిదే జరిగింది. ట్రాఫిక్ లైటు దగ్గరి శబ్దం పాడైపోయింది. ఇంటి ముందు కూర్చుని భోజనం చేసే ఆ కుటుంబం ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయింది. రొట్టె ముక్కలు లేవు కాబట్టి పిచ్చుకలు రావడం మానేశాయి. ఆ తర్వాత డినెట్స్‌కు అక్కడ డేగ మళ్లీ కనిపించలేదు.